బడిలో పాఠాలు చెప్పుకుంటూనే గొప్ప భాషా పరిశోధన చేసినవారు ఉన్నారా?

ఉన్నారని నమ్మకంగా చెప్పగలను. హైస్కూల్లో భాషా పండితుడిగా ఉంటూ పరిశోధన చేయవచ్చా, లేక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికేదాకా ఆగాలా అని మీరు అడిగారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 26 ఏళ్లు తెలుగు పండిట్‌గా పనిచేసిన నాకు ఈ ప్రశ్న వినగానే గుర్తొచ్చే పేరు, ఎవరికీ అంతుబట్టని పాత పారశీక శాసనాలను చదవడానికి దారి తీసిన జర్మన్ బడిపంతులు గేయోర్గ్ ఫ్రీడ్రిష్ గ్రోటెఫెండ్.

ఆయన 1775లో జర్మనీలోని మ్యూండెన్ అనే ఊళ్లో, బూట్లు కుట్టే వృత్తిలో ఉన్న కుటుంబంలో పుట్టారు. గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే, 1797లో గ్యోటింగెన్‌లోనే ఒక ఉన్నత పాఠశాలలో సహాయోపాధ్యాయుడిగా చేరారు. తరువాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేసి, 1821 నుంచి 1849 దాకా హానోవర్ లైసియం అనే పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నారు. 1853లో కన్నుమూశారు. పిల్లల కోసం లాటిన్ వ్యాకరణం సిద్ధం చేయడం, ఇటలీ ప్రాచీన భాషలైన ఉంబ్రియన్, ఆస్కన్‌ల మీద పుస్తకాలు రాయడం కూడా ఈ ఉద్యోగంలో ఉండగానే జరిగాయి. అయితే ఆయన పేరు నిలబెట్టిన పని 1802 నాటిది. అప్పటికి ఆయన వయసు 27.

ఇరాన్‌లోని పెర్సెపోలిస్ శిథిలాల మీద మేకుల గుర్తులతో చెక్కిన శాసనాలను కార్స్టెన్ నీబూర్ అనే యాత్రికుడు శ్రద్ధగా నకలు చేసి ప్రచురించారు గాని, వాటిని చదవగలిగినవారు లేరు. చదివి చూపిస్తానని గ్రోటెఫెండ్ తన మిత్రుడు ఫియోరిల్లోతో పందెం కట్టారని చెబుతారు. ఆయనకు ప్రాచ్య భాషల్లో ప్రత్యేక శిక్షణ లేదు. ఉన్నదల్లా బడిలో రోజూ చెప్పే గ్రీకు, లాటిన్. పాత పారశీక రాజుల శాసనాలు కూడా, తరువాతి కాలపు పారశీక రాజులైన సస్సానియన్ల శాసనాల్లాగే, "ఫలానా మహారాజు, రాజాధిరాజు, ఫలానావాని కుమారుడు" అన్న వరుసలో ఉంటాయని ఊహించి, రెండు చిన్న శాసనాలను పక్కపక్కన పెట్టుకున్నారు. మొదటి రాజు తండ్రి పేరు రెండో శాసనంలో రాజు పేరుగా కనిపించింది. ఆ రెండో రాజు తండ్రి పేరు పక్కన మాత్రం "రాజు" అన్న మాట లేదు. తండ్రి రాజు కాకపోయినా తాను రాజై, కొడుకుకు రాజ్యం అప్పగించినవాడెవరో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్‌ను చదివిన బడిపంతులుకు తెలియకుండా ఉంటుందా? హిస్టాస్పెస్ కొడుకు డరయస్, అతని కొడుకు జెర్క్సెస్. అంతకు ముందరి పారశీక రాజులు సైరస్, కాంబైసిస్ కావడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, శాసనాల్లోని పేర్లు అలా మొదలవవు.

ఈ పద్ధతినే నేను ఒకసారి తొమ్మిదో తరగతిలో కాంపోజిట్ తెలుగు, అంటే సంస్కృతం కూడా కలిసిన తెలుగు, తీసుకున్న పిల్లల ముందు పెట్టాను. ఆ గుర్తులనే నల్లబల్ల మీద గీసి, అర్థం చెప్పకుండా, ఏం కనిపిస్తోందని అడిగాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "ఈ మాటే పక్కన మళ్లీ వచ్చింది సార్, కాని రెండోసారి దానికి తోక పెరిగింది" అంది. ఆ తోక షష్ఠీ విభక్తి బహువచనం. మొదటిది "రాజు", రెండోది "రాజుల యొక్క". ఆ ప్రత్యయాన్ని "ఆనాం" అని సరిగా చదివినది 1826లో డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్. రామశబ్దంలో "రామాణాం" వల్లించిన పిల్లలకు నేను దాన్ని వివరించవలసిన పని లేకపోయింది.

గ్రోటెఫెండ్ ఫలితాలు 1802 సెప్టెంబరు 4న గ్యోటింగెన్ రాయల్ సైన్స్ సొసైటీ ముందుకు వెళ్లాయి గాని, సొసైటీ ఆయన వ్యాసాన్ని పూర్తిగా అచ్చువేయలేదు. 1805లో చరిత్రకారుడు హేరెన్ తన గ్రంథానికి అనుబంధంగా ఆయన వివరణకు చోటిచ్చారు. మూల వ్యాసం వెలుగు చూసింది 1893లో, అంటే ఆయన పోయిన 40 ఏళ్లకు. నా వ్యాసం ఒకటి ఒక పత్రిక నుంచి ఒక్క వాక్యం జవాబైనా లేకుండా తిరిగి వచ్చిన రోజుల్లో ఈ సంగతి చదివి ఎంతో ధైర్యం తెచ్చుకున్నాను.

బడి చదువు ఆయనకు దారి చూపినట్టే ఒకచోట అడ్డం కూడా పడింది. గ్రీకు, లాటిన్‌లలో లాగే ఒక్కో గుర్తు ఒక్కో ధ్వనికి సరిపోతుందని భావించి, డరయస్ పేరును "దార్‌హెఉష్" అని చదివారు. హల్లులో "అ" ఇమిడి ఉండగలదని 1836లో గుర్తించినది బాన్‌లో సంస్కృతం చెప్పే క్రిస్టియాన్ లాసెన్. మా తరగతిలో డరయస్ పేరులోని ఏడు గుర్తుల కింద ద, ఆ, ర, య, వ, ఉ, ష అని రాయగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "దారయవుష" అన్నారు. పారశీకులు తమ రాజును పిలుచుకున్న పేరు "దారయవఉష్".