ముదిరిన సొరకాయని పారేయకండి

ప్రశ్న: పందిట్లో ఆకుల చాటున ఒక సొరకాయ ఉండిపోయి బాగా ముదిరిపోయిందండీ, గోరు కూడా దిగట్లేదు. పూర్వం వీటిల్లో నీళ్లు పోసుకునేవాళ్లంట కదా, బుర్ర ఎలా తయారు చేయాలి? తాగితే ప్రమాదమేం లేదా?

జవాబు: గోరు దిగట్లేదంటే బుర్రకి పనికొచ్చే కాయే, కాకపోతే ఇప్పుడే కోయకండి, తొడిమ ఎండి గోధుమరంగుకి తిరిగేదాకా తీగకే ఉంచండి, పచ్చిగా కోస్తే పెంకు ముడుచుకుపోయి కుళ్లిపోద్ది. తొడిమతో సహా కోసి గాలాడే నీడలో వేలాడదీయండి. పైన బూజు పడితే కంగారొద్దు, తుడిచేస్తే చాలు. ఆరడానికి నెలలు పడుతుంది, ఊపితే లోపల గింజలు గలగలమనాలి, అప్పుడు మూతి కోసి, నీళ్లు పోసి నానబెట్టి గుజ్జంతా గీకేయాలి (ఎండు గుజ్జు గీకితే దుమ్ము లేస్తుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోండి). తర్వాత రోజూ నీళ్లు మారుస్తూ చేదు పూర్తిగా పోయేదాకా నానబెట్టండి. చేదు తగులుతుంటే మాత్రం తాగొద్దు, అది కుకుర్బిటాసిన్ అనే విషం. చేదు సొరకాయ రసం తాగి రక్తవాంతులైనవాళ్లు ఉన్నారు, ఉడకబెట్టినా ఆ చేదు పోదు. అలాంటి బుర్రలో విత్తనాలు దాచుకోండి.

అసలు ఈ తీగ చేసినంత సేవ ఇంకేదీ చేయలేదేమో అనిపిస్తుంది నాకు. నీళ్లకీ కల్లుకీ బుర్రే, ఈత నేర్చుకునే పిల్లల నడుముకి కట్టిందీ బుర్రే. పాములవాళ్ల నాగస్వరం, వీణకి పైన ఉండే రెండో బుర్ర, ఉత్తరాది తాన్‌పురా కుండ, అన్నీ దీనివే. 2022లో పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్య గారి 12 మెట్ల కిన్నెర చూడండి, వెదురు కర్ర కింద వేలాడేవి సొరబుర్రలే, ఆ మోత వాటి బోలులోంచే వస్తుంది. పుట్టిల్లు ఆఫ్రికా అయినా అమెరికాలో 10,000 ఏళ్ల క్రితమే వాడారంట, కాయలు సముద్రం మీద తేలుతూ పోయి అక్కడ మొలిచాయని 2014లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధన చెప్తోంది.

ఇంకోటి, పిందెలు రాలిపోతుంటే సాయంత్రం చూడండి, దీని తెల్లపూలు పొద్దుగూకాక విచ్చుకుంటాయి, రాత్రి పురుగులు రాకపోతే మగపూవు తెంపి ఆడపూవుకి మీరే రాయాలి. బుర్ర కోసమైతే తీగకి ఒకటి రెండు కాయలే ఉంచండి, పెంకు మందంగా వస్తుంది.