కారం కారకుండా చేరాలంటే

ఇంట్లో చేసిన మిరప సాస్‌ను పదో ఇరవయ్యో సీసాల్లో పోసి దూరాన ఉన్నవాళ్లకు పంపడం గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఎక్కువమంది అడిగింది అట్టపెట్టె గురించే. కానీ దారిలో జరిగే నష్టం చాలావరకు పొయ్యి దగ్గరే ఖాయమైపోతుంది. అందుకే జవాబులు కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: పండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ ఉడికించి, రుబ్బి, వెనిగర్ కలుపుతాను. ఫ్రిజ్‌లో రెండు నెలలైనా బాగానే ఉంటోంది. పార్సిల్‌లో వారం రోజులు బయట ఉంటే పాడవుతుందా? కిలోకి వెనిగర్ ఎంత పోయాలి?

జవాబు: దీనికి కప్పుల లెక్క పనికిరాదు, పీహెచ్ చూసుకోవాల్సిందే. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. 4.6 దాటితే, గాలి ఆడని సీసాలో బొట్యులిజం (ప్రాణం తీయగల విషాహార జబ్బు) తెచ్చే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. దాని బీజాలు మామూలుగా మరిగిస్తే చావవు, ప్రెషర్‌లో 121 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లాలి. అది విడుదల చేసే విషం ఉన్నా సాస్ వాసన, రంగు మారకపోవచ్చు. కాబట్టి ఇక్కడ మనల్ని కాపాడేది ఆమ్లమే తప్ప మంట కాదు. 4.6 అనేది హద్దు మాత్రమే. మీటర్‌లో తేడా, సరిగా నలగని ముక్కల్లోకి ఆమ్లం ఆలస్యంగా దిగడం, ఈ రెండూ తోడవుతాయి గనక బయట ఉంచే సాస్‌కు 3.8, అంతకన్నా తక్కువ పెట్టుకోండి.

పీహెచ్ కాగితాలు ఇక్కడ దండగ. సాస్ ఎరుపు కాగితానికి అంటుకుని అసలు రంగు తెలియనివ్వదు. 0.05 తేడా వరకు పట్టే డిజిటల్ మీటర్ కొనండి. వాడే ప్రతి రోజూ 7.00, 4.01 బఫర్ ద్రావణాల్లో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూసుకోవాలి. వాడాక కడిగి, దాని నిల్వ ద్రావణంలోనే ఉంచాలి. మామూలు నీళ్లలోనో పొడిగానో వదిలేస్తే కొన్నాళ్లకు తప్పుడు అంకెలు చూపిస్తుంది. సాస్‌ను మెత్తగా రుబ్బి, 25 డిగ్రీలకు చల్లార్చి, గిన్నెలో మూడు చోట్ల చూడండి. మర్నాడు మళ్లీ చూడండి. ముక్కలున్న సాస్‌లో రెండో రోజు అంకె కాస్త పైకి జరగడం మామూలే. నమ్మాల్సింది ఆ రెండో అంకెనే.

వెనిగర్ ఎంతో తేల్చడానికి గిన్నెడు సాస్‌తో ప్రయోగం వద్దు. 100 గ్రాములు తూచి పక్కకు తీసి, 2 గ్రాముల చొప్పున వెనిగర్ కలుపుతూ మీటర్ చూడండి. 14 గ్రాముల దగ్గర 3.8కి దిగింది అనుకుందాం. అప్పుడు కిలోకి 140 గ్రాములు. వెనిగర్ సీసా మీద ఎసిటిక్ ఆమ్లం 5 శాతం అని ఉందో లేదో చూడండి. 4 శాతం వెనిగర్ అయితే ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. ఈసారి క్యారెట్ ఎక్కువ పడినా అంతే. రుచికి నిమ్మరసం పిండుకోవచ్చు గానీ, ఏ కాయ పులుపు ఎంతో తెలియదు కాబట్టి భద్రతకు దాని మీద ఆధారపడొద్దు.

ప్రశ్న: మిరపకాయలను ఉప్పులో మూడు వారాలు పులియబెట్టి చేసిన సాస్ పంపాను. పీహెచ్ 3.5 ఉంది. అయినా అందుకున్నవాళ్లు మూత తిప్పగానే నురగతో పొంగి గోడకు చిమ్మిందట. ఎక్కడ పొరపాటు?

జవాబు: పీహెచ్‌లో పొరపాటు లేదు. సాస్ ఇంకా బతికే ఉంది, అంతే. పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియాకు, ఈస్ట్‌కు 3.5 పెద్ద అడ్డంకి కాదు. తినడానికి చక్కెర మిగిలి ఉంటే కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. ఫ్రిజ్‌లో నిద్రపోయినట్టుండి, ఎండలో నిలబడ్డ కొరియర్ బండిలో లేచి కూర్చుంటాయి. పులిశాక పండ్ల గుజ్జో, తేనెనో, వేయించిన ఉల్లిపాయో కలిపి ఉంటే వాటికి కొత్తగా విందు పెట్టినట్టే.

రుబ్బి వడకట్టిన సాస్‌ను 85 డిగ్రీలకు తెచ్చి, గరిటెతో కలుపుతూ 10 నిమిషాలు అదే వేడిలో ఉంచితే ఈ రెండూ ఆగిపోతాయి. వేడి చేస్తే మంచి బ్యాక్టీరియా పోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. పోతుంది. అది బతికుండాలంటే సాస్ మీ ఫ్రిజ్‌లో ఉండాలి గానీ, బిగించిన గాజు సీసాలో ఊళ్లు దాటకూడదు.

సాస్ ఆగిందో లేదో తేల్చుకోవడానికి చవకైన పరీక్ష ఒకటుంది. ఒక సీసాను ముప్పావు వంతు నింపి, మూతకు బదులు చిన్న బెలూన్ తొడిగి, 30 డిగ్రీల వేడి ఉండే చోట మూడు నాలుగు రోజులు ఉంచండి. బెలూన్ వాలిపోయి ఉంటే పంపొచ్చు. లేచి నిలబడితే మళ్లీ పొయ్యి మీదికే. బెలూన్ తొడిగేటప్పుడు సాస్ గది వేడికి చల్లారి ఉండాలి, లేదంటే పరీక్షలో అర్థం లేదు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. కాయలు, నీళ్లు కలిపి తూచిన మొత్తం బరువులో 2.5 శాతం వేయండి. 600 గ్రాముల కాయలు, 400 గ్రాముల నీళ్లు ఉంటే 25 గ్రాములు. కాయల బరువు ఒక్కటే చూసి 15 గ్రాములు వేస్తే, అసలు శాతం ఒకటిన్నరకు పడిపోతుంది. ఆ మెతక ఉప్పులో పనికిమాలిన సూక్ష్మజీవులు ముందుగా పాగా వేస్తాయి. కాయలు ఎప్పుడూ నీళ్ల కింద మునిగే ఉండాలి. పైన తెల్లటి పలుచని పొర కడితే అది ఒక రకం ఈస్ట్, తీసేస్తే చాలు. నూగుగా, పచ్చగానో నల్లగానో బూజు వస్తే పాత్ర మొత్తం పారబోయండి. పైపైన తీసి వాడొద్దు. బూజు ఆమ్లాన్ని తినేసి పీహెచ్‌ను పైకి లాగుతుంది కూడా.

ప్రశ్న: సీసాల్లో వేడిగా పోయాలా, చల్లారాక పోయాలా? ప్లాస్టిక్ సీసాలు తేలిక కదా, అవి వాడొచ్చా?

జవాబు: బయట నిల్వ ఉండాల్సిన సాస్‌ను వేడిగానే పోయాలి. మామూలు పెట్ (పీఈటీ) ప్లాస్టిక్ సీసా 70 డిగ్రీలు దాటితే మెత్తబడి నడుము వంకర పోతుంది, కాబట్టి గాజే మేలు. సన్నమెడ ఉన్న 150 మిల్లీలీటర్ల సీసా ఈ పనికి బాగా కుదురుతుంది.

సీసాలను సబ్బునీళ్లతో కడిగి, బాగా జాడించి, 80 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. చల్లటి గాజులో వేడి సాస్ పడితే అడుగు టప్పున ఊడుతుంది. సాస్‌ను 90 డిగ్రీలకు తేవాలి, ఎందుకంటే గరాటు దాటి సీసాలోకి చేరేసరికి నాలుగైదు డిగ్రీలు పోతాయి. చిన్న సీసా వేడిని త్వరగా వదిలేస్తుంది. అందుకని పన్నెండు సీసాలు వరసగా నింపి, తర్వాత మూతలు పెట్టే పద్ధతి వద్దు. ఒక్కో సీసా నింపగానే మూత బిగించి, తర్వాతి దానికి వెళ్లండి. గిన్నె సన్నని సెగ మీదే ఉండాలి. నాలుగైదు సీసాలకు ఒకసారి, ఇప్పుడే నింపిన దాంట్లో థర్మామీటర్ పెట్టి చూడండి. 82 కన్నా తగ్గితే ఆ సాస్‌ను తిరిగి గిన్నెలో పోసి వేడి చేయండి.

పైన అర అంగుళం ఖాళీ వదలాలి. మూత పెట్టే ముందు మెడ మీది మర గీతల దగ్గర పడ్డ సాస్‌ను వెనిగర్‌లో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. చాలామంది వదిలేసే పని ఇదే. అక్కడ ఎండిన ఒక్క గింజ ముక్క మూతను వెంట్రుకవాసి ఎత్తి పెడుతుంది, కారడం అక్కడే మొదలవుతుంది. బిగించాక సీసాను 3 నిమిషాలు తలకిందులుగా ఉంచితే మూత లోపలి వైపుకూ వేడి తగులుతుంది. తర్వాత నిలబెట్టి, సీసాకు సీసాకు మధ్య ఎడం ఉంచి, చెక్క మీదో మడిచిన గుడ్డ మీదో చల్లారనివ్వండి. ప్లాస్టిక్ మర మూతలు చల్లారాక కొద్దిగా వదులవుతాయి, ఒకసారి మళ్లీ బిగించాలి. సీసా పాతదైనా ఫర్వాలేదు, మూత మాత్రం కొత్తదే వాడాలి. పాత మూత లోపలి మెత్తటి బిళ్ల మీద అంతకుముందు సీసా అంచు అచ్చు పడి ఉంటుంది. రేకు మూత అయితే లోపల ప్లాస్టిక్ పూత ఉందో లేదో చూడండి, లేకపోతే వెనిగర్ దాన్ని తినేస్తుంది.

మిక్సీలో వేడి సాస్ రుబ్బేటప్పుడు జారును సగానికి మించి నింపొద్దు. కిటికీలు తెరవండి. వెనిగర్ ఆవిరితో లేచే మిరప ఘాటు గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న: రెండు రోజుల్లో పైన నీళ్లు, కింద గుజ్జు విడిపోతున్నాయి. సీసా మూతి దగ్గర పెట్టే చుక్కల బిరడా కూడా మూసుకుపోతోంది.

జవాబు: బిరడా మూసుకుపోవడానికి కారణం గింజలు, తొక్కలు. ఒక మిల్లీమీటరు కన్నుల జల్లెడలో వడకట్టండి. విడిపోవడానికి శాంథన్ గమ్ (చిక్కదనం ఇచ్చే పొడి) మందు, కిలోకి 1 నుంచి 2 గ్రాములు. వంటింటి త్రాసు ఇంత తక్కువ బరువు పట్టదు, 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. పొడిని నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. పిడికెడు ఉప్పులోనో చక్కెరలోనో ముందు కలిపి (వంటకంలో ఎలాగూ పడాల్సిందే కదా), మిక్సీ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వదలండి. 5 గ్రాములు వేస్తే సాస్ చీమిడిలా సాగుతుంది, ఇక వెనక్కి తీసే దారి లేదు.

ప్రశ్న: వెనిగర్ పోశాక వెల్లుల్లి ఆకుపచ్చగా మారింది. పారేయాలా?

జవాబు: అక్కర్లేదు. వెల్లుల్లిలోని గంధక పదార్థాలు ఆమ్లంలో చేసే పని అది, హాని లేదు. భయపడాల్సింది వెనిగర్ లేకుండా నూనెలో వేసి బయట పెట్టిన పచ్చి వెల్లుల్లికి. నూనె గాలిని ఆపుతుంది, ఆమ్లం మాత్రం ఇవ్వదు. అలాంటిది పార్సిల్‌లో పంపొద్దు.

ప్రశ్న: సీసాలు పగలడం లేదు, కానీ పెట్టె తెరిస్తే ఎర్రటి మరకలు. ప్యాకింగ్ ఎలా చేయాలి?

జవాబు: పగలకుండా కారుతోందంటే లోపం మూతలోనే ఉంది. దాన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. నింపి చల్లార్చిన సీసాలన్నిటినీ ఒక రాత్రి తెల్ల కాగితం మీద పడుకోబెట్టండి. తెల్లారి మెడ కింద ఆవగింజంత ఎర్ర చుక్క కనిపించినా ఆ సీసా ప్రయాణానికి పనికిరాదు. సాస్ మళ్లీ వేడి చేసి, కొత్త మూత పెట్టి, మళ్లీ పడుకోబెట్టాలి. "ఈ వైపు పైకి" అని పెట్టె మీద ఎన్ని బాణాలు గీసినా దారిలో ఎవరూ చూడరు. పెట్టె పక్కకు పడుకునే వెళుతుందని అనుకునే ప్యాక్ చేయండి.

మూత చుట్టూ ష్రింక్ పట్టీ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ పట్టీ) వేసి హెయిర్ డ్రయర్‌తో బిగించండి. అది లేకపోతే సాగే టేపును మూత బిగిసే దిశలో చుట్టండి. ఎదురు దిశలో చుడితే టేపే మూతను వదులు చేస్తుంది. ప్రతి సీసాను విడిగా జిప్ సంచిలో పెట్టి, లోపల ఒక టిష్యూ మడత ఉంచండి. ఒకటి కారినా మిగతా వాటి లేబుళ్లు బాగుంటాయి. ఆపైన బుడగల కవరు, బుడగలు లోపలి వైపుకు, రెండు మూడు చుట్లు. అడుగుకూ మెడకూ ఎక్కువ దెబ్బలు తగులుతాయి కాబట్టి అక్కడ మరో మడత వేయండి. గాజుకు గాజు తగలకుండా మధ్యలో అట్ట గోడలు, పెట్టె గోడలకు అన్ని వైపులా 5 సెంటీమీటర్ల ఎడం, ఆ ఎడం నిండా గట్టిగా నలిపిన కాగితం. ఊపితే చప్పుడు రాకూడదు. కొత్త పద్ధతిని మొదటిసారి వాడేటప్పుడు సీసాల్లో నీళ్లు పోసి పెట్టె కట్టి, నడుమెత్తు నుంచి ఒకసారి మూల మీద, ఒకసారి అంచు మీద, ఒకసారి అడుగు మీద పడేయండి. మర్నాడు తెరిచి చూడండి.

అలాగని మరీ పెద్ద పెట్టె వద్దు. 150 మిల్లీలీటర్ల నిండు సీసా సుమారు 300 గ్రాములుంటుంది. ఆరు సీసాలు, ప్యాకింగ్ కలిపి 2.2 కిలోలు వచ్చాయనుకోండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 30×20×20 పెట్టెకు 2.4 కిలోలు వస్తుంది, డబ్బు కట్టాల్సింది దానికే.

ప్రశ్న: విమానంలో వెళితే సీసాలు పేలతాయా? చేతి సంచిలో తీసుకెళ్లొచ్చా?

జవాబు: పేలవు, కారవచ్చు. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీది ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. చల్లగా నింపిన సీసాలో పైనున్న గాలి ఉబ్బి మూతను తోస్తుంది. వేడిగా నింపిన దాంట్లో చల్లారాక కొంత శూన్యం ఉంటుంది గనక ఈ బాధ తక్కువ. చేతి సంచికి చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్ల హద్దు ఉంది. వాళ్లు చూసేది సీసా పరిమాణం, లోపల ఎంత మిగిలిందని కాదు. సగం ఖాళీ చేసిన 150 సీసానైనా తీసేస్తారు.

ప్రశ్న: అమ్మడం లేదు, స్నేహితులకే. లేబుల్ అవసరమా?

జవాబు: అవసరమే. వేసిన పదార్థాలన్నీ ఎక్కువ బరువు నుంచి తక్కువకు వరసగా, చేసిన తేదీ, నికర బరువు, "తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచండి" అన్న మాట రాయండి. ఆవాలు, నువ్వులు, వేరుశెనగ, సోయా వంటివి పడితే విడిగా పెద్ద అక్షరాల్లో రాయాలి, అవి పడనివాళ్లుంటారు. దేశం దాటితే కస్టమ్స్ కాగితం మీద "సాస్" అని మాత్రమే రాసి ఊరుకోకుండా పదార్థాలూ రాయండి. అమ్మకానికి దిగితే మాత్రం అనుమతుల నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి, లేబుల్ అచ్చు వేయించే ముందే కనుక్కోండి.

లేబుల్ మూలన ఒక బ్యాచ్ నంబరు కూడా వేయండి. అదే నంబరుతో నోట్‌బుక్‌లో పీహెచ్, నింపినప్పటి వేడి, వెనిగర్ బరువు రాసుకుని, ఆ బ్యాచ్‌లో ఒక సీసాను పంపకుండా మీ దగ్గరే ఫ్రిజ్ బయట ఉంచుకోండి. నెల తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "మూత ఉబ్బింది" అంటే, ముందు చూడాల్సింది ఆ సీసానే. అదీ ఉబ్బి ఉంటే ఆ నంబరున్న సీసాలు అందిన అందరికీ, రుచి కూడా చూడకుండా పారేయమని ఆ రోజే కబురు పెట్టండి.