డ్యాష్‌బోర్డ్ విప్పనివ్వకు

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ కూడా రెండుసార్లు విన్నాను. దసరా తర్వాత బండి వేడెక్కితే ఒక షెడ్డులో వాటర్ పంప్ మార్పించావు. అప్పటి నుంచి హీటర్ వేస్తే చల్లగాలే వస్తోంది. మళ్లీ ఆ షెడ్డుకే పోతే హీటర్ కాయిల్ పోయింది, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి అన్నారు. ముందు ఈ ఒక్కటి విను. డ్యాష్‌బోర్డ్ మీద ఇప్పుడే ఎవరినీ చెయ్యి వేయనివ్వకు. ఒకసారి విప్పింది మళ్లీ మునుపటిలా కూర్చోదు. ఏదో ఒక క్లిప్పు విరుగుతుంది, ఏదో ఒక వైరు నలుగుతుంది, గుంతలో పడ్డప్పుడల్లా కిటకిటమంటుంది. అన్నీ చూశాక, ఇంకే దారీ లేకపోతే చేసే పని అది.

రిపేరు తర్వాత కొత్త తేడా వస్తే, ఆ రిపేరులో చెయ్యి పడిన చోటే ముందు చూడాలి. నలభై ఏళ్ల పనిలో నేను ఎక్కువగా నమ్మింది దీన్నే. పంప్ మార్చే ముందు రోజు వరకు నీ హీటర్ బాగానే ఉంది. పంప్ మార్చాలంటే నీళ్లన్నీ దింపాలి, పైపులు ఊడదీయాలి, మళ్లీ నింపాలి. సరిగ్గా అదే రోజు కాయిల్ తనంతట తాను పూడుకుపోయిందంటే నేను ఒప్పుకోను.

హీటర్‌లో పెద్ద మర్మమేమీ లేదు. డ్యాష్‌బోర్డ్ వెనక చిన్న రేడియేటర్ ఉంటుంది, హీటర్ కాయిల్ అంటే అదే. ఇంజిన్‌లో కాగిన నీళ్లు ఒక పైపులో దానికి వస్తాయి, ఇంకో పైపులో తిరిగి పోతాయి. బ్లోయర్ గాలి దాని మీదుగా వచ్చి నీకు తగులుతుంది. గాలి వెచ్చగా లేదంటే ఇంజిన్ నీళ్లు కాగకపోవాలి, లేదా అక్కడిదాకా రాకపోవాలి, లేదా గాలి దాని మీదుగా పోకపోవాలి.

నీ మెసేజ్‌లో నాకు పనికొచ్చిన మాట చివర్లో ఉంది. హైవే మీద పోతుంటే కొంచెం వెచ్చగా వస్తుంది, పంతంగి టోల్ దగ్గర లైన్లో ఆగితే చల్లబడుతుంది అన్నావు. బండి స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డ్ లోపల నీళ్లు గళగళమంటున్నాయి అని కూడా అన్నావు. గాలి పట్టిన బండి లక్షణాలివి. నీళ్లు నింపేటప్పుడు లోపలి గాలి పూర్తిగా తీయలేదు, లేదా నీళ్లే తక్కువ ఉన్నాయి. రేస్ చేస్తే పంప్ గట్టిగా తోస్తుంది కాబట్టి కాసిని వేడి నీళ్లు కాయిల్‌దాకా పోతాయి. ఐడిల్‌లో పోవు.

రేపు పొద్దున బండి తీయకముందే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడు. పక్కనున్న తెల్ల డబ్బా నిండుగా ఉందని నమ్మకు, డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉన్న బండ్లు ఎన్నో చూశాను. వేడి ఇంజిన్ మీద మాత్రం మూత ముట్టుకోవద్దు బిడ్డా. ప్రెషర్ కుక్కర్‌లాగే లోపల ఒత్తిడి ఉంటుంది, ముఖం కాలిపోతుంది. నీళ్ల రంగు చూడు. పచ్చగానో, గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్ పోసినట్టు. రంగేమీ లేకుండా ఉంటే ఉత్త నీళ్లు. టీ రంగులో ఉంటే లోపల తుప్పు మొదలైనట్టు.

ఏ నీళ్లు పోశారో ఆ షెడ్డువాళ్లను గట్టిగానే అడుగు. బోరు నీళ్లయితే నాకు దిగులే. మన నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ రేడియేటర్‌ను పాడుచేసేది నీళ్లలోని సున్నం. ఒకసారి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన జీపు కాయిల్ విప్పి బకెట్ మీద తట్టాను. నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున కడతాయి చూడు, అట్లాంటి తెల్ల పెచ్చులు పిడికెడు రాలాయి. వెంట్రుకంత సందుల్లో అంత సున్నం పేరుకుంటే నీళ్లు ఎటు పోతాయి? అదంతా ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఫలితం. నీది రెండు నెలల ముచ్చటే కాబట్టి ఇంకా మించిపోలేదు.

తర్వాత బండి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన పెద్ద పైపు మీద చెయ్యి పెట్టు. ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా నిలబడు, మెడలో కండువా ఉంటే తీసేయి. ఆ పైపు మొదట చాలాసేపు చల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. అట్లా అయితే, ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్ ఉంది, పని చేస్తోంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతూ వస్తే దాన్ని పీకేసి ఉంటారు, లేదంటే అది తెరుచుకునే ఉండిపోయింది. మన దగ్గర ఇదొక చెడ్డ అలవాటు. ‘మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు’ అని తీసి పారేస్తారు. నేనూ పని నేర్చుకునే రోజుల్లో ఎన్నో బండ్లకు పీకాను, తప్పని తర్వాత తెలిసింది. చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునే వాల్వ్ అది. లేకపోతే చలికాలం పొద్దున ఇంజిన్ కాగదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, హీటర్‌కు వేడి అందదు. లేదని తేలితే కొత్తది వేయించు, పెద్ద ఖర్చు కాదు.

ఇంజిన్ కాగాక హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, బానెట్ వెనక గోడలోంచి లోపలికి పోయే రెండు సన్న పైపులను పట్టుకుని చూడు. రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండి గాలి మాత్రం చల్లగా వస్తే, నీళ్ల తప్పు కాదు, గాలిని మళ్లించే ఫ్లాప్‌దో దాని కేబుల్‌దో. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కాయిల్‌లో గాలో అడ్డమో ఉంది, లేదా పైపు మీద హీటర్ వాల్వ్ ఉండే బండయితే అది మూసుకుని ఉంది. రెండూ చల్లగా ఉంటే నీళ్లు అసలు రావడం లేదు. ఇంకోటి, ఆ రెండు పైపులు నిజంగా లోపలికే పోతున్నాయా అన్నది కళ్లతో చూడు. ఒక పెద్దాయన కొత్త బ్లోయర్ మోటార్ కూడా వేయించుకుని, అయినా వేడి రావడం లేదని నా దగ్గరికి వచ్చాడు. చూస్తే రెండు పైపులనూ ఇంజిన్ దగ్గరే ఇనుప ముక్కతో కలిపి క్లిప్పు బిగించేశారు. ఎప్పుడో కాయిల్ కారితే బైపాస్ చేసి, ఆయనకు ఒక్క మాట కూడా చెప్పలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కాయిల్ నిజంగా కారితే గుర్తులు వేరే. ఎడమ సీటు ముందు కాళ్ల కింద కార్పెట్ తడుస్తుంది, లోపల తియ్యటి వాసన వస్తుంది, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంది. ఏసీ నీళ్లు కూడా అక్కడే కారవచ్చు గానీ వాటికి జిగట ఉండదు. కూలెంట్ విషం, నోట పెట్టుకుని చూడకు, కారింది కుక్కలు నాకకుండా కడిగేయి.

గాలి తీయడం ఓపిక పని, షెడ్డులో తొందరపడేది ఇక్కడే. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా ఎక్కుడు మీద ఆపాలి. మూత చల్లగా ఉన్నప్పుడే తీసి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి నింపి, హీటర్ పూర్తిగా వేడికి పెట్టి ఐడిల్‌లో వదలాలి. బుడగలు వస్తాయి. పైపులను మెల్లగా పిసుకుతూ, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ ఉండాలి. గాలి తీసే స్క్రూ ఉన్న బండయితే దాన్నీ వాడాలి. బుడగలు ఆగి రెండు సన్న పైపులూ కాగాక మూత బిగించి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఉంచాలి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడాలి. ఇంత చేశాక కూడా వారానికోసారి నీళ్లు తగ్గుతుంటే, కొత్త పంప్ దగ్గర కారుతుండాలి, లేదా మొన్న వేడెక్కినప్పుడు ఇంజిన్ హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని ఉండాలి. దానికి ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

వచ్చేది పుష్యమాసం. చిట్యాల, చౌటుప్పల్ మధ్య తెల్లవారుజామున మంచు ఎట్లా కమ్ముతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు అన్నీ ఆ టైములోనే. అద్దం లోపల ఆవిరి పడితే హీటర్‌తో పాటు ఏసీ కూడా వేసి, బయటిగాలి వచ్చేలా పెడితే త్వరగా తేటపడుతుంది. గుడ్డతో తుడుస్తూ నడపవద్దు. ఇంకోటి, వెచ్చగా వస్తున్న హీటర్ ఉన్నట్టుండి చల్లబడితే నీళ్లు పోయాయనే అనుకుని పక్కకు ఆపు. సెన్సర్ చుట్టూ నీళ్లు లేకపోతే టెంపరేచర్ ముల్లు కిందే ఉండిపోవచ్చు, దాన్ని నమ్మి నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది.

నీకు టెన్షన్‌గా ఉంటే ఇవేవీ నువ్వు చేయకు, రెండు లీటర్ల కూలెంట్, ఒక డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తీసుకుని ఇక్కడికి వచ్చేయి. దారిలో మట్టం తగ్గకుండా బయలుదేరే ముందు నింపుకో. మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి కాబట్టి శనివారం రాత్రికే రా. అత్తతో చెప్పాను, నీకు ఇష్టమని జొన్న రొట్టెలు చేస్తానంది. ఆదివారం తెల్లవారగానే ఇద్దరం కలిసి మొదలుపెడదాం.

మీ మామ