వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎన్ని సూపర్‌నోవా న్యూట్రినోలు తగులుతాయి?

తమ్మీ, హన్మకొండ నుంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నువ్వు అడిగినవి రెండు: పేలే నక్షత్రం (సూపర్‌నోవా) వదిలే న్యూట్రినోలు, అంటే దేన్నీ అంత తేలిగ్గా తాకని, విద్యుదావేశం లేని చిన్న కణాలు, అణు కేంద్రకాలను ఎట్లా తాకుతాయి, మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక్కటి తగులుతుందని నీ లెక్క చెప్తున్నది, అది సరేనా అని. సరికాదు, అయిదింతలు ఎక్కువ వచ్చింది.

నీటి అణువులో పది ప్రోటాన్లు ఉన్నాయి గదా అని పదింటినీ లెక్కలోకి తీసుకున్నవ్. పనికొచ్చేవి హైడ్రోజన్‌వి రెండే. ఎలక్ట్రాన్ యాంటీన్యూట్రినో (న్యూట్రినోల ఆరు రకాల్లో ఒకటి) విడి ప్రోటాన్‌ను న్యూట్రాన్‌గా మార్చి పాజిట్రాన్‌ను (ధనావేశమున్న ఎలక్ట్రాన్‌ను) వదలడానికి 1.8 ఎంఈవీ చాలు; ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆక్సిజన్‌లో బిగిసి ఉన్న ఎనిమిదింటిలో ఒకదాన్ని మార్చాలంటే 11 ఎంఈవీ పైనే కావాలి. సూపర్‌నోవా న్యూట్రినోల సగటు శక్తే 10–15 ఎంఈవీ.

మళ్లీ వేద్దాం. బయటపడే శక్తి 3 × 10⁴⁶ జౌళ్లు, దాదాపు అంతా న్యూట్రినోలదే. ఒక్కోదానికి 12 ఎంఈవీ అనుకుంటే 1.5 × 10⁵⁸ న్యూట్రినోలు, అందులో మనకు కావలసిన ఎలక్ట్రాన్ యాంటీన్యూట్రినోలు ఆరో వంతు. నక్షత్రం 32,600 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే ఇక్కడ చదరపు సెంటీమీటరుకు 2 × 10¹¹ వస్తాయి. టన్ను నీళ్లలో విడి ప్రోటాన్లు 6.7 × 10²⁸. క్రాస్ సెక్షన్, అంటే తాకే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత, ఒక్కో ప్రోటాన్‌కు 1.4 × 10⁻⁴¹ చదరపు సెంటీమీటర్లు. మూడింటినీ గుణిస్తే 0.19. అంటే అయిదారు ట్యాంకులు కలిపితే ఒక్క తాకిడి. క్రాస్ సెక్షన్ దగ్గర జాగ్రత్త: అది దాదాపు శక్తి వర్గంతో పెరుగుతుంది కాబట్టి 12 ఎంఈవీని నేరుగా పెడితే 1.1 × 10⁻⁴¹ మాత్రమే వస్తుంది. న్యూట్రినోల శక్తుల మొత్తం వర్ణపటం మీద సగటు తీయాలి.

లెక్క నమ్మదగ్గదో కాదో 1987 ఫిబ్రవరి 23న భూమికి న్యూట్రినోలు చేరిన సూపర్‌నోవాతో సరిచూడు. ఆ నక్షత్రం 1.68 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. జపాన్‌లోని కామియోకాండే-2 అనే నీటి డిటెక్టర్‌లో లెక్కకు తీసుకున్న నీళ్లు 2,140 టన్నులు. దూరం వర్గంతో తగ్గిస్తే దాదాపు 15 రావాలి, దొరికినవి 11. తక్కువ శక్తి పాజిట్రాన్లు కొన్ని డిటెక్టర్‌కు కనబడవు, తేడాలో కొంత అక్కడిదే. చేతి లెక్క ఇంత దగ్గరికి రావడం ఎప్పుడు చూసినా సంతోషంగానే ఉంటుంది.

ఇక పెద్ద కేంద్రకాలు. 15 ఎంఈవీ న్యూట్రినో తరంగదైర్ఘ్యాన్ని 2π తో భాగిస్తే దాదాపు 13 ఫెర్మీలు (ఒక ఫెర్మీ 10⁻¹⁵ మీటర్లు), సీసం కేంద్రకం వ్యాసార్థం 7. అందుకే అది లోపలి కణాలను విడివిడిగా చూడదు, కేంద్రకాన్ని మొత్తంగా ఒక్క తోపు తోస్తుంది. తాకే అవకాశం న్యూట్రాన్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది, ప్రోటాన్ల వంతు దాదాపు సున్నా. 77 న్యూట్రాన్ల జెనాన్‌కు ఇది విడి ప్రోటాన్ కంటే మూడు నాలుగు వందల రెట్లు. అన్ని రకాల న్యూట్రినోలూ పాల్గొంటాయి. కూలుతున్న నక్షత్రం గర్భంలో న్యూట్రినోలను కాసేపు బంధించేది కూడా ఈ తోపులే.

మరి 1974లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ ఊహించిన ఈ తోపు కంటికి చిక్కడానికి 2017 దాకా ఎందుకు పట్టింది? గోలీ తగిలిన లారీ ఎంత కదులుతుందో కేంద్రకం అంతే కదులుతుంది. 15 ఎంఈవీకి జెనాన్ కేంద్రకం పొందే గరిష్ఠ శక్తి 3.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఆర్గాన్‌ది 12. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 14.6 కిలోల సీజియం అయోడైడ్ స్ఫటికంతో పట్టుకున్నది ఇలాంటి చిన్న మెరుపులనే.

ప్రాజెక్టుకు ఈ రెండో భాగమే తీసుకో. జెనాన్‌కూ ఆర్గాన్‌కూ ప్రతిక్షేప శక్తి (తాకిడితో కేంద్రకం పొందే శక్తి) వక్రరేఖలు గీసి, 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర కోత పెట్టి, అంటే అంతకు తక్కువవి కనబడవనుకుని, ఎంత మిగిలిందో పోల్చు. తాకిడులు ఎక్కువున్న జెనాన్‌కు ఆ కోత ఎంత నష్టం చేస్తుందో అప్పుడు గ్రాఫులోనే కనబడుతుంది.