చేదు సొరకాయలో మసాలా ఎంత వేసినా విషం పోదు

ప్రశ్న: మిద్దె తోటలో సొర, బీర, టమాట, పాలకూర పండిస్తున్నాం. మొన్న కోసిన సొరకాయ కాస్త చేదుగా ఉంది. పారేయడానికి మనసొప్పక కారం, చింతపండు, బెల్లం, గరం మసాలా దట్టించి పులుసు పెట్టాను. తిన్న గంటకే మావారికి (58 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి) వాంతులు, విరేచనాలు. మెడికల్ షాపు నుంచి టాబ్లెట్లు తెచ్చి వేశాం. రెండో రోజుకి తగ్గాయి గానీ ఇంకా నీరసంగా ఉన్నారు. మసాలా ఎక్కువైందా? పోషకాలు పోకుండా మసాలాలు ఎంత వేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మసాలా సంగతి తర్వాత, ముందు ఆ సొరకాయ గురించి మాట్లాడాలి. మనిషిని చూడకుండా ఇదే కారణమని నేను తేల్చలేను, నీళ్లు బాగోలేకపోయినా ఇలా కావచ్చు, కానీ చేదు సొరకాయ తిన్న గంటకే వాంతులంటే నా అనుమానం మొదట దాని మీదే. సొర, బీర, దోస జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. మామూలు కాయలో నాలుకకు తెలియనంత తక్కువ. ఎండ ఎక్కువై నీళ్లు చాలకపోయినా, వేరే రకంతో కలిసిన కాయ నుంచి తీసి దాచిన విత్తనం వేసినా పెరిగిపోవచ్చు. ఉడికిస్తే పోవు. బెల్లం, చింతపండు ఆ చేదును దాచిపెడతాయి అంతే, దాంతో ఒక ముద్దతో ఆగాల్సిన మనిషి కంచం ఖాళీ చేస్తాడు.

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి, చేదుగా ఉంటే తాగొద్దని హెచ్చరించింది. దీనికి విరుగుడు మందు లేదు, సెలైన్ ఎక్కించి బీపీ పడిపోకుండా కాపాడుకోవడమే. కొందరికి కడుపులో పుండ్లు పడి రక్తపు వాంతులు కూడా అవుతాయి.

నన్ను ఇంకా బాధపెట్టింది మెడికల్ షాపు టాబ్లెట్లు. ఏం వేశారో మీరు రాయలేదు. విరేచనాలు ఆపే మాత్ర, నొప్పి బిళ్ల, ఏదో యాంటీబయాటిక్ కలిపి ఇస్తుంటారు, రోజూ చూస్తున్నాను. బీపీ, షుగర్ ఉన్న మనిషికి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు నొప్పి బిళ్ల పడితే కిడ్నీల మీద భారం పడుతుంది, కొన్ని బీపీ మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. తిండి లేకుండా షుగర్ మాత్ర వేస్తే కొన్ని రకాలతో షుగర్ పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయమని కాదు, అలాంటి రోజున మీ డాక్టరుకు ఒక ఫోన్ చేయాలి. రెండు రోజులు ఇంట్లో ఉంచి చూడటం మాత్రం తప్పేనమ్మా.

వాంతులు తగ్గినా నీరసం ఉందంటున్నారు కాబట్టి ఇవాళో రేపో ఫిజీషియన్‌కు చూపించండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూస్తారు, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం పరీక్షలు అవసరం కావచ్చు. షాపులో తెచ్చిన మాత్రల అట్టలు కూడా పట్టుకెళ్లండి. కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం, వాంతిలో రక్తం, నల్లటి విరేచనం, వీటిలో ఏది ఉన్నా ఓపీ కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

దోసకాయ కోసినప్పుడు చిన్న ముక్క కొరికి చేదు చూస్తాం కదా, సొరకాయకూ బీరకాయకూ అదే అలవాటు చేసుకోండి. చేదుంటే ఉమ్మేసి కాయంతా పారేయండి, ఆ తీగ నుంచి విత్తనం ఉంచొద్దు. కాకర చేదు వేరు, దానికి భయం లేదు.

ఇక మీరు అడిగింది. పసుపు, జీలకర్ర, ధనియాలు, మిరియాల వల్ల పోషకాలు పోవు. కూరలు కోశాక కడగడం, నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి వార్చేయడం వల్ల పోతాయి, ముఖ్యంగా విటమిన్ సి. పాలకూర కొద్ది నూనెలో పోపు పెట్టి తక్కువ నీళ్లతో మగ్గించి, దించాక నిమ్మరసం పిండితే అందులోని ఇనుము కాస్త బాగా ఒంటబడుతుంది. కడుపు మంట రానంతవరకు కారం మీ ఇష్టం. ఉప్పు మాత్రం మీవారికి పచ్చళ్లతో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదు.