ఇంజిన్ దించే ముందు పెడల్ బుష్ చూడండి

పాత స్పోర్ట్స్ కారులో క్లచ్ పెడల్ పక్కలకి ఊగుతోందని, బుష్‌లు (పెడల్ తిరిగే బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) అరిగాయని, ఇంట్లోనే మార్చుకోవచ్చా లేక గ్యారేజీకి ఇవ్వాలా అని ఒకరు అడిగారు. ఇంట్లోనే మార్చుకోండి. గ్యారేజీకి ఇస్తే బుష్ సంగతి వదిలేసి క్లచ్ ప్లేట్ దగ్గర మొదలుపెడతారు.

నా దగ్గర ఎంజీబీ ఉంది. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన కారు, 1798 సీసీ ఇంజిన్. మా పెదనాన్నగారిది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. పోయిన ఎండాకాలం రివర్స్ వేస్తే గరగరమనడం మొదలైంది. పెడల్ కింద ఆనేదాకా తొక్కినా క్లచ్ పూర్తిగా విడేది కాదు. పాత కార్లకి పేరున్న గ్యారేజీకి తీసుకెళ్తే, బానెట్ కూడా ఎత్తకుండానే "ప్లేట్ పోయింది సార్, ఇంజిన్ దించాలి" అన్నారు. ఎంజీబీలో క్లచ్ మార్చాలంటే నిజంగానే ఇంజిన్ బయటికి తీయాలి. అంత పని చెప్పేముందు పెడల్‌ని ఒక్కసారి చేత్తో కదిపి చూడరా? నాకు ఒళ్లు మండిపోయింది. ప్లేట్ అరిగితే క్లచ్ జారుతుంది, ఇంజిన్ అరుస్తుంది కానీ బండి లాగదు. గేర్లు గరగరలాడుతున్నాయంటే చాలావరకు క్లచ్ విడడం లేదని అర్థం. ఈ తేడా తెలియనివాళ్ల చేతిలో నా ఇంజిన్ పెట్టను.

ఇంటికి తెచ్చి పెడల్ బాక్స్ మూత తీశాను. మా మేనల్లుడిని పెడల్ మెల్లగా నొక్కమని, టార్చ్ వేసి చూశాను. పెడల్ దిగుతోంది, మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్ ద్వారా క్లచ్‌కి పంపే భాగం) వెళ్లే రాడ్ మాత్రం కదలడం లేదు. ఇంకాస్త దిగాక అప్పుడు కదిలింది. ఆ రాడ్‌ని పెడల్‌కి కలిపే క్లెవిస్ పిన్ మధ్యలో గాడి పడింది, పెడల్‌కున్న రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. మామూలుగా పాదం కదిలే దూరం పిన్ కదిలే దూరానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. అంటే పిన్ దగ్గర ఒక్క మిల్లీమీటర్ అరిగితే పాదం దగ్గర నాలుగైదు మిల్లీమీటర్లు వృథా. బుష్ అరుగుదల కూడా కలిస్తే క్లచ్ విడడానికి దూరం ఎక్కడ మిగులుతుంది? అమీర్‌పేట్, పంజాగుట్ట ట్రాఫిక్‌లో గజానికోసారి క్లచ్ తొక్కుతూ నడిపిన పాత కారు ఏదైనా సరే, బుష్ పోయే ఉంటుంది. నన్నడిగితే చూడక్కర్లేదు కూడా.

విప్పడం కష్టం కాదు, నడుముకే శిక్ష. ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. తర్వాత వరుసగా క్లెవిస్ పిన్ జారకుండా ఆపే స్ప్లిట్ పిన్, క్లెవిస్ పిన్, పెడల్‌ని పైకి లాగే రిటర్న్ స్ప్రింగ్, చివరికి క్లచ్, బ్రేక్ పెడళ్లు రెండూ వేలాడే పొడవాటి బోల్టు. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది, పాత బట్టలు పరచండి. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాలి. సెల్లార్‌లో రిపేర్లు చేయకూడదని అసోసియేషన్ నోటీసు అంటించింది. సెల్లార్‌లో పాత మంచాలు, పగిలిన కమోడ్లు పెట్టుకోవచ్చు, సొంత కారు బోల్టు మాత్రం విప్పకూడదట. ఇది చాలా అన్యాయం.

బుష్ కోసం విదేశాల నుంచి తెప్పించి నెలలు ఎదురుచూడకండి. రాణిగంజ్ వెళ్లండి. అక్కడ లేత్ నడిపే ఒక పెద్దాయన పెడల్ చేతిలోకి తీసుకుని, వెర్నియర్‌తో కొలిచి చూసి, "బుష్ ఒక్కటే మారిస్తే మళ్ల వస్తరు సార్, బోల్టు గూడ అరిగింది" అన్నాడు. ఫాస్ఫర్ బ్రాంజ్ అనే గట్టి కంచు కడ్డీ నుంచి కొత్త బుష్‌లు తీశాడు. సాగిన రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి మళ్లీ డ్రిల్ చేశాడు. బుష్‌ని సుత్తితో కొట్టనివ్వలేదు, వైస్‌లో బిగించి ఎక్కించాడు. బిగుతుగా ఎక్కినప్పుడు లోపలి రంధ్రం కాస్త చిన్నదవుతుంది, అందుకే తర్వాత రంధ్రాన్ని సన్నగా చెక్కే రీమర్ తిప్పి, కొత్త బోల్టు వేలితో తిరిగేలా సరిచేశాడు. స్కానర్ పెడితే తప్ప జబ్బు చెప్పలేని మెకానిక్‌లకి ఈ పని ఎవరు నేర్పుతారు? ఇలాంటి లేత్‌లు మూతపడితే మన పాత కార్లన్నీ కదలకుండా పడి ఉంటాయి. నైలాన్ బుష్ చాలు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పాత కారుకి లోహమే పడాలి.

బిగించేటప్పుడు స్ప్లిట్ పిన్ కొత్తదే వేయండి, పాతది వంచి వాడొద్దు. లిథియం గ్రీజు పలచగా పూయండి. బ్రేక్ పెడల్‌కి పైన కొద్దిపాటి ఫ్రీ ప్లే, అంటే తొక్కడం మొదలయ్యేముందు ఖాళీగా కదిలే ఆట, తప్పకుండా ఉంచండి. ఆట మొత్తం తీసేస్తే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయి బ్రేకులు పట్టేస్తాయి. బండి బయటికి తీసేముందు ఎవరినైనా వెనక నిలబెట్టి, తొక్కినప్పుడు బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో, వదిలాక ఆరిపోతోందో లేదో చూసుకోండి.