నీళ్లు మొయ్యడానికే మిగతా బరువు తగ్గించు

అమ్మలూ,

బోడసకుర్రు దగ్గర బస్సు దిగి, వంతెన మీద గోదావరి పాయ వైనతేయ దాటి, అప్పనపల్లి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది దాకా మీ ముగ్గురూ మూడు రోజులు నడుస్తామన్నారు, సంతోషం. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాను. అన్నీ మంచి వస్తువులే. కానీ సగం చలికొండలు ఎక్కేవాళ్లకి కావలసినవి. మే నెల కోనసీమకి ఆ జాబితా సరిపడదు.

తేలిక సంచి పద్ధతిలో నడిచేవాళ్లు తిండీ నీళ్లూ తీసేసి మిగతా సామాను నాలుగున్నర కేజీల లోపు ఉండాలంటారు. మీకు మూడు కేజీలు కూడా అక్కర్లేదు, ఎందుకంటే చలి సామాను మొత్తం పోయింది. కానీ ఇక్కడ మీ మీద పడే బరువు ఇంకొకటి ఉంది, నీళ్లు. లీటరు నీళ్లు కేజీ, దాన్ని తగ్గించే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడూ రెండు లీటర్లు వీపు మీద ఉండాలి. ఆ రెండు కేజీలకి చోటివ్వడం కోసమే మిగతా వాటిని గీసి గీసి తగ్గించాలి. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా దీని బదులు ఎన్ని గుక్కల నీళ్లు మొయ్యొచ్చో చూసుకో.

గోదావరి పక్కనే కదా, నీళ్లకేం కరువనుకోకు. మామూలుగా ఏప్రిల్ మధ్యలో కాలవలు కట్టేస్తారు, మళ్లీ నీళ్లొదిలేది జూన్‌లోనే. మీరు నడిచే రోజుల్లో పిల్లకాలవల్లో అడుగున బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ ఉండదు. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్లే కొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా తగులుతాయి. నువ్వు జాబితాలో రాసిన, చేత్తో పిండి నీళ్లు వడకట్టే ఫిల్టరు సూక్ష్మక్రిముల్ని ఆపుతుంది గానీ ఉప్పుని ఆపదు. క్లోరిన్ బిళ్లా అంతే. రెండూ తీసెయ్యి. ఊళ్లలో ఇరవై లీటర్ల టిన్నులు నింపే నీళ్ల ప్లాంట్లుంటాయి, సీసాలు అక్కడే నింపుకోండి. ఒక సీసా అవగానే నింపుకోవాలి, రెండోదీ అయ్యేదాకా ఆగకూడదు. ఇంకో మాట. ఊరి మంచినీళ్ల చెరువు కనపడితే కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు. కాలవలు కట్టేసినన్నాళ్లూ ఆ ఊరు తాగేది ఆ నీళ్లే.

సీసాల సంగతి. చల్లదనం నిలిపే స్టీలు సీసా ఖాళీగానే నాలుగైదు వందల గ్రాములు తూగుతుంది. మినరల్ వాటర్ కొన్న ప్లాస్టిక్ లీటరు సీసా ముప్పై గ్రాములు. అలాంటివి రెండు చాలు, చిల్లు పడితే వెళ్లిన ఊళ్లో ఇంకోటి దొరుకుతుంది. సీసాకి తడిగుడ్డ చుడితే చల్లబడుతుందన్న చిట్కా పొడిగాలి ఉన్న చోట బాగా పనిచేస్తుంది. మన దగ్గర గాలిలోనే తడి ఎక్కువ, గుడ్డ ఆరదు, నీళ్లు అంతగా చల్లబడవు.

దారంతా కొబ్బరి బొండాలు దొరుకుతాయి, తాగండి. అయితే బొండం నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది గానీ సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియమే. రోజంతా బొండాలూ మంచినీళ్లూ తాగి కూడా సాయంత్రానికి తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం దీనివల్ల రావచ్చు. మనిషికి రోజుకి రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు లెక్క వేసుకోండి. లీటరుకి కలిపే పొట్లమైతే లీటరుకే కలపండి. అర లీటరులో కలిపితే చిక్కనై దాహం ఇంకా పెరుగుతుంది. పొట్లాలు అయిపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తల కొట్టి కొలవండి. మధ్యాహ్నం ఆగిన చోట ఉప్పేసిన మజ్జిగ దొరికితే అంతకంటే ఏం కావాలి.

ఇక సంచి. కాలేజీ సంచి వద్దు, దానికి లాప్‌టాప్ అరలూ మెత్తలూ కలిపి కేజీకి దగ్గరవుతుంది. ముప్పై లీటర్లది, ఆరు వందల గ్రాముల లోపుది, నడుముకి పట్టీ ఉన్నది చూడు. దొరక్కపోతే ఖరీదైనది కొనక్కర్లేదు. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు అపలాచియన్ దారిని ఒంటరిగా నడిచింది. సంచి తనే కుట్టుకుంది, భుజాన వేసుకుంది. వానకి స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర, కాళ్లకి గుడ్డ బూట్లు. మూడు రోజుల నడకకి పదివేల సంచి కొనాలనిపించినప్పుడు ఆవిడని తల్చుకో.

సంచికి పైన తొడిగే వాన తొడుగు కూడా వద్దు. వీపు వైపు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. లోపల ఒక దళసరి ప్లాస్టిక్ కవరు పరిచి, సామాను అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడిచెయ్యి. ఇది వానకంటే ముందు నీ చెమటకి పనికొస్తుంది. మధ్యాహ్నానికి సంచి వీపు భాగం పిండితే కారేలా ఉంటుంది.

పడకకి ఏం కావాలో జాగ్రత్తగా చూసుకో, నీ జాబితాలో ఎక్కువ బరువు అక్కడే ఉంది. స్లీపింగ్ బ్యాగు, టెంటు రెండూ తీసెయ్యి. రాత్రి పూట కూడా వేడి ఇరవై ఎనిమిది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, టెంటులో పడుకుంటే ఆవిరి కుడుములా ఉడుకుతారు. మొదటి రాత్రి అప్పనపల్లి గుడి దగ్గర యాత్రికుల గదిలోనూ, రెండో రాత్రి మలికిపురంలో మీ స్నేహితురాలి ఇంటి డాబా మీదా అన్నారు. దానికి కావలసినవి మూడే. పది మిల్లీమీటర్ల ఫోమ్ చాపని భుజాల నుంచి తుంటి దాకా వచ్చేలా కొలిచి, కత్తెరతో కోసెయ్యి. ఆరడుగుల చాప మూడు వందల గ్రాముల పైన ఉంటే కోసినది రెండు వందలు తూగుతుంది. కాళ్ల కింద సంచి పెట్టుకోవచ్చు. కప్పుకోవడానికి మీ అమ్మ పాత వాయిల్ చీర అడిగి సగానికి చించుకో. చించిన అంచు మడిచి కుట్టు వెయ్యి, లేకపోతే దారాలు లేచిపోతూ ఉంటాయి. ఆ సగం చీర కూడా రెండు వందల గ్రాములే. దుప్పటి, దిండు గలీబు, బట్టలు మార్చుకునేటప్పుడు అడ్డం, అన్నీ అదే.

మూడోది దోమతెర. ఒంటిమనిషి నైలాన్ తెర రెండున్నర వందల గ్రాములు ఉంటుంది. బరువు తగ్గిద్దామని దీన్ని మాత్రం వదిలెయ్యకు. నాలుగు మూలలకీ రెండేసి గజాల సన్నటి నైలాన్ తాడు ఇంట్లోనే కట్టి ఉంచు, చీకట్లో ముడులు వెతుక్కోనక్కర్లేదు. కిటికీ ఊచకో, పిట్టగోడ మీద లేచిన ఇనప చువ్వకో జారుముడి వేసి బిగించు. తెర ఒంటికి తగలకూడదు. మోచెయ్యి ఆనిన చోట దోమ బయట కూర్చునే కుడుతుంది. కింది అంచు చుట్టూ చాప కిందకి దోపెయ్యి. ఇది దోమలకోసమే కాదు. కట్లపాము రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వచ్చి కాటేస్తుంది, దాని కాటు ఒక్కోసారి నొప్పి కూడా పుట్టదు. దోపిన తెర దాన్ని ఆపుతుంది. ఎక్కడైనా అరుగు మీద పడుకోవలసి వస్తే ఇది మరిచిపోవద్దు. పాము కరిస్తే కొయ్యడం, గట్టిగా కట్టడం, మంత్రం, ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేరాలి.

ఎండాకాలం నూలు బట్టలే మంచివంటారు. ఇంట్లో ఉండేవాళ్లకి అది నిజం. ఆరు గంటలు చెమట కారుస్తూ నడిచేవాళ్లకి, అందులోనూ గాలి తడిగా ఉండే మన దగ్గర, నూలు తడిసి బరువెక్కి ఒంటికి అతుక్కుపోతుంది. చంకల్లో, తొడల దగ్గర ఒరుసుకుని పుండ్లవుతాయి. నడకకి వదులుగా ఉన్న పలచటి పాలిస్టర్ టాప్, పొడుగు చేతులది, వదులు పైజామా. రాత్రికి పాత నూలు సల్వారు జత. వేసుకున్నది ఒకటి, సంచిలో ఒకటి, అంతే. సాయంత్రం ఆగగానే నడక బట్టలు సబ్బు లేకుండా జాడించి ఆరేస్తే చెమట ఉప్పు పోతుంది. తెల్లారేసరికి కాస్త తడున్నా వేసుకో, కాసేపట్లో ఒంటి వేడికి ఆరిపోతాయి. టర్కీ తువ్వాలు అరకేజీ, ఇంట్లో వదిలెయ్యి. పలచటి నూలు తుండు వంద గ్రాములు. తడిపి మెడ మీద వేసుకోవడానికీ, స్నానానికీ, అన్నిటికీ అదే.

తొడలకి కొబ్బరినూనె రాసుకుంటారు గానీ ఈ వేడికి అరగంటలో కారిపోతుంది. చిన్న డబ్బా వాజిలీన్ పెట్టుకో. బయల్దేరే ముందే రాయాలి, మంట మొదలయ్యాక కాదు.

కాళ్ల మీద బరువు వీపు మీద బరువు లాంటిది కాదు. అదే వంద గ్రాములు బూట్లలో ఉంటే నాలుగైదింతలు అలుపు తెస్తుంది. చీలమండ దాకా వచ్చే కొండ బూట్లు ఈ చదును నేలకి దండగ. పుంతరోడ్లూ, గట్లూ, తారురోడ్లూ తప్ప ఇంకేం లేదు కదా. జాలీ గుడ్డ ఉన్న పాత పరుగు బూట్లు, రెండు జతల పలచటి సాక్సులు. అంతర్వేది ఇసకలోకి బూట్లతో దిగొద్దు, జాలీలోంచి ఇసక దూరి సాక్సులో గరుకు కాయితంలా పనిచేస్తుంది. అక్కడ తెల్లవారుజామున ఒట్టికాళ్లతోనే నడవండి. మడమ దగ్గర వేడిగా అనిపించిన క్షణమే ఆగి, తుడిచి, ఆసుపత్రి గుడ్డటేపు అంటించాలి. ఇంకో కిలోమీటరు పోయాక చూద్దామంటే బొబ్బ లేస్తుంది. లేచిన బొబ్బ తోలు పీకొద్దు.

గొడుగు తప్పకుండా పెట్టుకో. మూడు మడతల గొడుగు రెండున్నర వందల గ్రాములు, టోపీకీ రెయిన్‌కోటుకీ బదులు అదొక్కటే. రెయిన్‌కోటు వేసుకుంటే వానకంటే చెమటకే ఎక్కువ తడుస్తారు. సముద్రం గాలి మొదలైతే గొడుగు బోర్లా తిరిగిపోకుండా గాలికి ఎదురుగా వంచి పట్టుకోవాలి. సాయంత్రం ఉత్తర పడమరల్లో మబ్బు నల్లగా లేచి గాలి ఆగిపోయిందంటే గాలివాన వస్తున్నట్టు. అప్పుడు గొడుగు ముడిచేసి పక్కా ఇల్లో, బడి వరండానో వెతుక్కోండి. కొబ్బరి తోటలో నిలబడొద్దు. మట్టలూ కాయలూ నెత్తిన పడతాయి, పిడుగూ ఆ చెట్ల మీదకే వస్తుంది. మామూలు రోజున కూడా నిండు గెలలున్న చెట్టు మొదట్లో కూర్చోకండి.

పొయ్యి, గ్యాసు, గిన్నెలు వద్దు. పైగా గ్యాసు డబ్బా రైల్లో తీసుకెళ్లనివ్వరు, మీ తిరుగు ప్రయాణం నరసాపురం నుంచి రైల్లో కదా. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం దారిలోని ఊళ్లలో దొరుకుతాయి. సంచిలో ఉండాల్సింది ఆకలికి ఆపు మాత్రమే. వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం, అటుకులు, కాస్త మామిడి తాండ్ర, అన్నీ కలిపి మనిషికి అరకేజీ. చాక్లెట్లు కరుగుతాయి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

ఫోనుకి పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ముగ్గురికీ ఒకటి. దాని మీద రాసిన అంకెలో దాదాపు మూడో వంతు ఫోనుకి ఎక్కించేటప్పుడే పోతుంది, ఒక ఫోను ఒకసారీ మరికాస్తా ఎక్కుతుంది. తలకి పెట్టుకునే టార్చి మాత్రం ఎవరిది వాళ్లకి, ఎందుకంటే మీరు నాలుగున్నరకే బయల్దేరాలి. ఎనిమిదిన్నర దాటాక నీడ పట్టున ఆగిపోవాలి, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తరవాతే. రోజుకి పదిహేను కిలోమీటర్లు చాలు. రోహిణి కార్తె మే 25 దగ్గర వస్తుంది, వీలైతే అంతకు ముందే ముగించుకోండి. ముగ్గురిలో ఎవరైనా తిక్కగా మాట్లాడుతున్నా, తూలుతున్నా వెంటనే నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి చెప్పండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

ప్యాడ్లు నాలుగు పెట్టుకో, తేదీ దూరంగా ఉన్నా సరే. లెక్క తప్పొచ్చు. వాడినవి మళ్లీ ఊరు చేరేదాకా దాచడానికి జిప్ కవరు రెండు.

అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవుకి ఆటోలో వచ్చెయ్యండి, అక్కడ పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి ఇంకో గోదావరి పాయ వశిష్ఠ దాటితే నరసాపురం. పంటుకీ ఆటోకీ చిల్లర నోట్లు విడిగా జిప్ కవర్లో ఉంచు.

ఇప్పుడు వంటింటి ఎలక్ట్రానిక్ కాటా తీసి, ఒక్కో వస్తువూ విడిగా తూచి కాగితం మీద రాయి. నా లెక్క ప్రకారం నీళ్లూ తిండీ కాక రెండు కేజీల ఏడు వందలు రావాలి. రెండు లీటర్లు, అరకేజీ తిండి కలిపితే ఐదు కేజీల రెండు వందలు. రాసిన కాగితం ఫొటో తీసి పంపు. మూడు కేజీలు దాటితే సంచి మొత్తం మంచం మీద గుమ్మరించు, ఫోన్లో ఇద్దరం కలిసి మళ్లీ మొదటినుంచి చూద్దాం.

మీ పెద్దమ్మ